సల్వారు తడవని సాయంకాలము

చలి వీడ్కోలు చెప్పి, ఎండ ఇంకను పగబట్టక, వేపచెట్టు తన తెల్లని పూలను దారిన పోవువారి తలలపై ఉదారముగా రాల్చుచు, కూలర్లు అటకలపై నుండి దిగివచ్చి కొత్తగడ్డి తొడుగుకొను ఆ వసంతారంభమున. నాలుగు మినార్ల నీడ సాగి సాగి గాజుల దుకాణములపై వాలు సాయంసమయమున. మూసీనది తన సుప్రసిద్ధ పరిమళముతో ఇరుతీరములను ఏలుచుండు భాగ్యనగరమున, రంజాను నెలలోని మూడవ ఆదివారమున, నయాపూల్ వంతెనపై మొదలై, మదీనా చౌరస్తా దాటి, పత్తర్‌గట్టి వెనుక సందులో ముగిసిన యొక మహాసంగ్రామమును చెప్పెదను, వినుడు. అది రాజ్యము కొరకు జరిగినది కాదు, ధనము కొరకు జరిగినది కాదు. నాలుగున్నరేండ్ల బాలిక యొకతె తానాడిన మాట నిలుపుకొనుటకై పోరాడినది. రక్తము చిందలేదు. అసలేదియు చిందకుండుటయే ఆ యుద్ధపు సారము.

గౌలిపురలో, ఒకనాడు గేదెలను కట్టిన కొట్టములే నేడు గదులుగా మారిన సన్నని సందులో, జోయెల్ అను లైన్‌మన్ కలడు. గాలివాన వీథులను చీకటిలో ముంచినపుడు స్తంభమెక్కి వెలుతురును చేతితో దించువాడు. అతడు తేరిపార చూచిన చాలును, ట్రాన్స్‌ఫార్మరు రొద మానునని వాడజనుల నమ్మకము. అతని భార్య ప్రీతి, కుట్టుమిషను తొక్కి ఆ సందంతటికిని జాకెట్లు కుట్టు నేర్పరి. వారికిద్దరు సంతానము. ఆశ్రిత యను కూతురు, ఏడు మాసముల డానియేలు అను కొడుకు. ఎండలు ముదరకమునుపే తీగలన్నియు సరిచూడవలసియుండుటచే జోయెల్‌కు వరుసగా మూడు ఆదివారములు సెలవు దొరకలేదు. నాలుగవ ఆదివారము దొరికెను. చర్చిలో ప్రార్థన ముగిసినదే తడవుగా, పులిహోర డబ్బా, ఉడికిన గుడ్లు, ప్లాస్టిక్ చాప, పిల్లవాని పాలసీసా సమస్తమును సమకూర్చుకొని, ఆ సందులోనే కాపురముండు ఇశ్రాయేలు ఆటో ఎక్కి, ఆ కుటుంబము పబ్లిక్ గార్డెను మీదికి దండు వెడలెను.

అచట ఏమి జరిగెనో విస్తరించి చెప్పను. పచ్చికపై చాప పరచిరి. ఆశ్రిత ఉడుత వెంట పరుగెత్తి ఉడుతకంటె ముందుగా అలసిపోయెను. కాని ఆ దినము ఆశ్రిత యను సముద్రమున కలిసిన ప్రవాహముల పేళ్లు మాత్రము చెప్పక తప్పదు. మొదట నిమ్మకాయ నీరు, నిండు గ్లాసు. పిదప పుచ్చకాయ నాలుగు ముక్కలు. మిట్టమధ్యాహ్నము కొబ్బరినీరు. మూడు గంటలకు చెరకురసము, తన గ్లాసు సాంతము, తండ్రి గ్లాసులో సగము. కట్టకడపట ఒక పుల్ల ఐసు, మోచేతివరకు కారిన ధారను నాకినదానితో సహా.

తోట విడుచునపుడు ప్రీతి, తల్లులకు సహజమైన దూరదృష్టితో, బాత్రూమునకు పోవలెనా యని కూతురిని మూడుసార్లు అడిగెను. మూడుసార్లును ఆశ్రిత రాలేదనెను. ఆమె అసత్యమాడలేదు. సత్యమే పలికినది. అయితే ఆ సత్యము దారిలోని అఫ్జల్‌గంజ్ వరకు మాత్రమే నిలిచెను.

ఇశ్రాయేలు ఆటో నయాపూల్ వంతెన ఎక్కునప్పటికి సాయంత్రము ఆరు కావచ్చుచుండెను. ఉపవాసము విడుచు వేళకు అరగంట కూడ లేదు. ఇంటికి చేరవలెనని కొందరును, బజారునకు చేరవలెనని కొందరును ఒక్కమారుగా కదలుటచే, ఏనుగులవంటి బస్సులు, గుఱ్ఱములవంటి మోటారుసైకిళ్లు, రథములవంటి ఆటోలు, వానినడుమ కాలాళ్లవలె ఖర్జూరపు తోపుడుబండ్లు, ఒకదానిలో నొకటి ఇరుకుకొని, ముందుకు పోలేక, వెనుకకు మరలలేక, హారన్లనే శంఖములుగా పూరించుచు నిలిచిపోయెను. అట్టి వేళ, తండ్రి ఒడిలో కూర్చున్న ఆశ్రిత, అతని చెవిదగ్గరకు నోరు చేర్చి మెల్లగా ననెను.

“డాడీ, సుస్సు వస్తుంది.”

తుపానునాడు తీగ తెగి ప్రక్కనే పడినప్పుడు చెదరని జోయెల్ గుండె ఆ మూడు మాటలకు చెదరెను. అతడు భార్యవంక చూచెను. ఆమె భుజముపై డానియేలు, మూడు గంటలసేపు ఏడ్చి ఏడ్చి, అప్పుడే కన్నుమూసి, నోరు సగము తెరచి, నిద్రయను దుర్గమున ప్రవేశించియుండెను. ఆ దుర్గమును ఎవరును కదల్పరాదు.

“నేను లేస్తే వీడు లేస్తడు,” అని ప్రీతి గుసగుసగా ననెను. “ఇయ్యాల నువ్వే తీస్కపో.”

జోయెల్ ఇదివరకు కూతురికి స్నానము చేయించినవాడే, జడ వేసినవాడే, జ్వరము వచ్చినపుడు మేల్కొని కూర్చున్నవాడే. కాని ఇల్లు దాటిన పిదప ఈ యొక్క పని మాత్రము ఎల్లప్పుడును తల్లిదే. స్త్రీ బొమ్మ గీసిన తలుపు తండ్రికి నిషిద్ధము. పురుషుని బొమ్మ గీసిన తలుపు కూతురికి తగదు. ఆ రెండు తలుపుల నడుమ పిల్లను పట్టుకొని తానొక్కడే నిలువవలసి వచ్చునని అతడు ఏనాడును తలచియుండలేదు.

ఇశ్రాయేలు వెనుకకు తిరిగి, ఇరువదియేండ్లు ఆటో నడిపిన అనుభవముతో ఉపాయము చెప్పెను. వంతెన దిగినచోట పాతగోడ యొకటి యున్నది, అందరును అచటికే పోవుదురు, చిన్నపిల్లను చూచువారెవరని అతని వాదము. జోయెల్‌కు అది సులువుగా తోచెను. కూతురినెత్తుకొని దిగి, బస్సునకును తోపుడుబండికిని నడుమనున్న జానెడు దారిన దూరి, ఆ గోడను చేరెను.

గోడముందు ముగ్గురు పురుషపుంగవులు, తలలు వంచి, లోకమును మరచి, వరుసగా నిలిచియుండిరి. ఆశ్రిత వారిని చూచెను. పిదప గోడను చూచెను. తండ్రి చంకనుండి జారి, రెండు కాళ్లు దగ్గరగా చేర్చి నిలిచి, అందరికిని వినబడునట్లు పలికెను.

“రోడ్డు బాత్రూం కాదు. అమల టీచర్ చెప్పింది. నేను ఈడ పొయ్య.”

చిన్నమాటలే. కాని వాని యందు దాగిన గంభీరార్థమును గాథ చెప్పువాడు విప్పక తప్పదు. ఆ బాలిక పలికినదిట్టిది: “తండ్రీ, వీరులని మీసములు త్రిప్పువారు గోడల యెదుట తమ గౌరవమును మట్టిపాలు చేసికొందురుగాక. అది వారి తలవ్రాత. నేను గౌలిపుర అంగన్‌వాడీలో రెండవ వరుసలో కూర్చుండుదానను. రంగుల పటములో ఇల్లేదో, బడియేదో, బాత్రూమేదో వ్రేలుంచి చూపినదానను. ఉదరమున నదులు పొంగుగాక, మోకాళ్లు వణకుగాక, తలుపున్నచోట తప్ప, ఆ తలుపునకు గడియ పడినచోట తప్ప, ఈ వ్రతము విడువను.”

ఆ ముగ్గురిలో ఒకడు పని సగములోనే ముగించుకొని, జిప్పు లాగుకొని, ఎటో పనియున్నవానివలె వేగముగా పోయెను. రెండవవాడు గోడవైపే మరికొంత తిరిగెను. ఆటోలోనుండి సమస్తమును చూచుచున్న ఇశ్రాయేలు ఏలనో హారను మ్రోగించుట మానెను.

జోయెల్ బ్రతిమాలెను. ఆటోలోని చాప తెచ్చి యడ్డముగా పట్టెదననెను, కన్నులు మూసికొందుననెను. పిల్ల తల అడ్డముగానే ఊపెను. ఇక వేరుదారి లేక, మదీనా వైపు ఎక్కడైన నొక తలుపు దొరకకపోదని, అతడామెను మరల ఎత్తుకొని జనసముద్రమున దిగెను.

ఎత్తుకొనుటకును ఒక యుద్ధశాస్త్రమున్నదని అతనికి పది అడుగులలో తెలిసివచ్చెను. పొట్టను నొక్కరాదు. ఊపరాదు. పరుగెత్తిన “ఊపకు డాడీ” అనును, నెమ్మదించిన “జల్ది” అనును. కావున నిండుకుండను మోయువానివలె, నడుము కదలక కాళ్లు మాత్రమే కదలునట్లు, విచిత్రమైన నడకతో అతడు సాగుచుండగా, అత్తరులమ్మువారు, టోపీలమ్మువారు, సమోసాలు వేయించువారు దారినిచ్చి చూచిరి.

మొదట కనబడినది ప్రజల సౌకర్యార్థము కట్టిన యొక మరుగుదొడ్డి. దాని గోడపై స్త్రీ బొమ్మయు పురుషుని బొమ్మయు చేతులు జాచి స్వాగతము పలుకుచున్నట్లుండెను. తలుపునకు మాత్రము పిడికిలంత తాళము వ్రేలాడుచుండెను. తాళపుచెవి గలవాడు ఇఫ్తారునకు ఇంటికి పోయెననియు, ఏడు దాటిన పిదప వచ్చుననియు ప్రక్కనున్న చెప్పులు కుట్టువాడు తెలిపెను. పదకొండువేల వోల్టుల లైనును ఒక్క మీటతో నిలుపగల జోయెల్ ఆ తాళమును చేతితో కదపి చూచి విడిచెను.

రెండవ ఆశ ఒక హోటలు. వాకిటనే పెద్ద భట్టీలపై హలీము ఉడుకుచుండ, ఇద్దరు మల్లులు కొయ్యగదలతో దానిని మెదుపుచుండిరి. లోపల మూలనున్న గది యెదుట పదిమంది మగవారు వరుసగా నిలిచియుండిరి. జోయెల్ సంగతి చెప్పినంతనే ఆ పదిమందియు, పొద్దుటినుండి ముద్ద ముట్టనివారైనను, గొంతులెండినవారైనను, గోడకు చేరి దారినిచ్చిరి. వరుసలో ముందున్న పెద్దాయన పిల్ల తలపై చేయివేసి, పొమ్మని సైగ చేసెను. ఆ ఔదార్యమునకు జోయెల్ కన్నులు చెమర్చెను. అతడు గది తలుపు తోసెను. తలుపు తెరచుకొనెను. మూయగా మరల తెరచుకొనెను. గడియ యుండవలసినచోట రెండు మేకుల రంధ్రములు మాత్రమే యుండెను.

“నేను పట్టుకుంట, నువ్వు పో,” అని జోయెల్ అనెను.

ఆశ్రిత ఆ రంధ్రములను చూచెను, గోడకు చేరిన పదిమందిని చూచెను, మొగము తండ్రి మెడలో దాచుకొనెను. తలుపు పడుటలేదనియు, ఇంతమంది అంకుళ్లున్నారనియు, తనకు వద్దనియు అచటినుండియే చెప్పెను.

బయటికి వచ్చిన జోయెల్‌కు సహనము తెగెను. సెలవునాటి అలసట, చెవులలో హారన్లు, చొక్కా వీపునకు అంటుకొన్న చెమట, అన్నియు కలసి గొంతులోనికి వచ్చెను. హోటలు మెట్లపై పిల్లను దించి, ఇంత చిన్నదానికింత లొల్లి ఏందని గద్దించెను. ఉన్నదానిలో సర్దుకొనవలెననెను, ఇంటిదాక ఆగలేనిదానవు తోటలోనే ఏల పోవైతివనెను.

ఆశ్రిత ఏడువలేదు. ఏడ్చిన ప్రమాదమని ఆమె దేహమునకు తెలిసియుండెను. రెండు కాళ్లు మెలివేసి, పిడికిళ్లు బిగించి, క్రింది పెదవిని పళ్లతో పట్టి, కంటిలో నిండిన నీటిని కూడ జారనీయక, తండ్రి మొగములోనికి చూచి అనెను.

“ఆపుతున్న కదా డాడీ.”

తాను స్తంభముపై నుండగా క్రిందివారు తొందరపెట్టిన తనకెట్లుండునో జోయెల్‌కు తెలియును. ఇచట, ఈ మెట్లపై, తన మోకాలెత్తైన లేనిది, ఎవరికిని కనబడని బరువును ఒంటరిగా మోయుచు, ఒక్కమాట ఎదురు చెప్పక నిలిచియున్నది. తానేమో క్రిందనుండి కేకలు వేసినవాడయ్యెను. అతడు మోకాళ్లపై కూర్చుండి, తప్పు తనదేననియు, గడియ యున్న తలుపును వెదకి తీరుదుననియు ఆమెకు మాట ఇచ్చెను. ఈసారి ఎత్తుకొనుటకు ముందు, ఎట్లెత్తుకొనవలెనో ఆమెనే యడిగెను. నిలువుగా, పొట్ట తగలకుండ, అని ఆమె చెప్పెను. అట్లే ఎత్తుకొనెను.

పత్తర్‌గట్టి రాతి తోరణముల వెనుక, బట్టల దుకాణములు ముగిసి ఇళ్లు మొదలగుచోట, సందు ఇరుకై, హారన్లు దూరమై, ఒక నీలిరంగు గుమ్మమున పాత తెర వ్రేలాడుచుండెను. ఆ గుమ్మముననే ఒక ముసలమ్మ, ఖైరున్నీసా యను పేరుగలది, పీటపై కూర్చుండి బొప్పాయి ముక్కలు కోసి పళ్లెములో ఖర్జూరముల ప్రక్కన పేర్చుచుండెను. జోయెల్ ఆమె ముందు ఆగెను. వీథివీథిని తిరిగి వేయి ఇండ్ల మీటర్లు చూచినవాడైనను, ముక్కుమొగమెరుగని ఇంటిముందు నిలిచి ఈ సంగతి ఎట్లడుగవలెనో అతనికి నాలుక తిరుగలేదు. “అమ్మీ, బచ్చీ కో జరా...” అని, పిల్లకు కొంచెము అనువరకు ఉర్దూలో పలికి ఆగిపోయెను.

అప్పుడు ఆశ్రిత, తండ్రి భుజమునుండి మెడ సాచి, రాయబారమును తానే నడపెను.

“నానీమా, మీ ఇంట్ల తలుపున్న బాత్రూం ఉన్నదా?”

ఖైరున్నీసా పిల్ల మొగమును చూడలేదు. మెలివడిన కాళ్లను చూచెను. ఆరుగురు బిడ్డలను, పదునాలుగురు మనుమలను పెంచిన ఆ కన్నులకు అంతకుమించిన వివరణ అక్కరలేకపోయెను. కత్తి ప్రక్కనపెట్టి లేచి, పళ్లెమును జోయెల్ చేతులలో నుంచి, “యే పక్డో,” అని, పిల్లను దించుకొని, తెర తొలగించి లోపలికి నడిపించుకొనిపోయెను. తెర మరల వ్రాలెను. జోయెల్ వీథిలో పళ్లెముతో మిగిలెను.

ఇక యుద్ధము అతని కంటికి కనబడదు, చెవికి మాత్రమే వినబడును. ఇనుపతలుపు కిర్రుమనెను. పిదప ఎంతకును ఏమియు వినబడలేదు. సల్వారు నాడా పీటముడి పడినదని అతనికేమి తెలియును. లోపల ఖైరున్నీసా, ఇట్టి ముడి వేసిన మహానుభావుడెవడని అడుగుచుండెను, డాడీ యని పిల్ల నిర్దాక్షిణ్యముగా జవాబిచ్చుచుండెను. గోళ్లకు లొంగలేదు. ముసలమ్మ తన తలలోని పిన్ను తీసి, కన్నులు చికిలించి, ముడి గుండెలోనికి దానిని దింపెను. పిల్ల ఒక కాలిపై నిలిచెను. మరల రెండవ కాలిపై నిలిచెను. అమల టీచరు నేర్పిన అంకెలను ఒకటినుండి పదివరకు చెప్పి, పదకొండు రాక, మరల ఒకటి మొదలుపెట్టెను.

అదే సమయమున వీథిలో ఒక నల్లమేక, గోడవారగా వచ్చి, బొప్పాయి వాసన పట్టి, పళ్లెముపై కన్నువేసెను. జోయెల్ కుడికి తిరిగెను. మేక కుడికి వచ్చెను. ఎడమకు తిరిగెను. మేక ఎడమకు వచ్చెను. ఉపవాసపు ముసలమ్మ నమ్మి అప్పగించిన ఆహారమది, ప్రాణమున్నంతవరకు ఒక్క ముక్క పోనీయరాదని నిశ్చయించి, అతడు పళ్లెమును తలపైకెత్తి, మోకాలితో మేకను నిలువరించుచు, చెవులను మాత్రము తెరవైపే యుంచెను.

ముడి వీడెను.

“నువ్వు కూడ బయటకి పో నానీమా,” అను మాట వినబడెను. ఖైరున్నీసా నవ్వుచు బయటికి వచ్చెను. అంతట లోపలినుండి, చిన్నచేయి బలమంతయు పెట్టి లాగగా, ఖణేలుమని గడియ పడెను.

ఆ ధ్వనికి జోయెల్ ఒడలు పులకించెను. పిదప నిశ్శబ్దము. సందంతయు ఊపిరి బిగబట్టినట్లయ్యెను, మేక కూడ ఆగెను. అప్పుడు, గట్లు తెంచుకొన్న వసంతకాలపు వాగువలె, చెరకురసమును కొబ్బరినీటిని నిమ్మరసమును ఏకము చేసికొని, ఎన్నటికిని ఆగదో యనిపించునట్లు, ఆ మహాప్రవాహము వెలువడెను. అది సాగుచునే యుండెను. ఖైరున్నీసా కొంగు నోటికడ్డము పెట్టుకొని, గోడకానుకొని, నవ్వును మ్రింగుకొనెను. ప్రవాహము సన్నగిల్లెను, ఆగెను, మరల ఒక్కమారు వచ్చెను, శాంతించెను. మగ్గుతో నీరు పోసిన చప్పుడు. గడియ తీసిన చప్పుడు.

తెర తొలగించి ఆశ్రిత బయటికి వచ్చెను. చేతులు తడిసియుండెను, మొగము వికసించియుండెను, సల్వారు నాడా వదులుగా వ్రేలాడుచుండెను. “అయిపోయింది,” అని మాత్రమే అనెను. జోయెల్ పళ్లెమును ఒక్క ముక్కయు తక్కువ కాకుండ ముసలమ్మకప్పగించి, కూతురి నాడాను ఈసారి జారుముడిగా కట్టెను.

అంతలో ఉపవాసము విడుచు వేళయైనదని తెలుపు సైరను ఆకాశమున మ్రోగెను, దాని వెంటనే నలుదిక్కుల మసీదులనుండి అజాను లేచెను. ఖైరున్నీసా పీటపై కూర్చుండి ఒక ఖర్జూరము నోటవేసికొని కన్నులు మూసెను. తెరచినపుడు రెండు ఖర్జూరములు తీసి పిల్ల చేతిలో పెట్టెను. నీళ్లు తాగెదవా యని అడుగగా, ఆశ్రిత ఒక్క అడుగు వెనుకకు వేసి వద్దనెను.

తండ్రియు కూతురును చేతులు పట్టుకొని నడచివచ్చునప్పటికి, నయాపూల్‌పై ఆ మహాసేనలన్నియు మాయమైయుండెను. మనుషులందరు ఎక్కడివారక్కడ కూర్చుండి ఉపవాసము విడుచుచుండిరి. ఆటో ఒక్కటే ఖాళీ దారిలో మెల్లగా ఎదురువచ్చెను. ప్రీతి ఒక చేత పిల్లవానిని పట్టుకొని, రెండవ చేతిని చాచి, కూతురి సల్వారును ముందును వెనుకను తడిమెను. జోయెల్‌వైపు చూచెను.

“తనే పోయింది,” అని జోయెల్ అనెను. “గడియ గూడ తనే పెట్టుకుంది.”

ఆ గొంతులో నున్న గర్వమును, గాలివాన తరువాత వాడంతయు ఒక్కసారి వెలిగినపుడు కూడ ప్రీతి వినియెరుగదు. ఇశ్రాయేలు తల గోకికొని, ఆ గడియ యున్న తలుపు ఏ సందులో నున్నదని నెమ్మదిగా అడిగెను. పాప గట్లన్నంక తనకు గోడకాడికి పోబుద్ధి కాలేదనియు, అరగంటనుండి తానును ఆపుచున్నాననియు చెప్పగా, జోయెల్ అతనిని హోటలువైపు పంపి, తాను ఆటోకు కావలి నిలిచెను.

కావున లోకులారా, తెలిసికొనుడు. రంజాను మూడవ ఆదివారమున, సైరను మ్రోగుటకు కొంచెము ముందు, గౌలిపుర వాసిని, రెండవ వరుస విద్యార్థిని, ఆశ్రిత యను వీరబాల, నయాపూల్ మొదలుకొని పత్తర్‌గట్టి వరకు ఒక్క బొట్టు రాలనీయక గెలిచెను. ఈ గాథ విన్నవారికి అవసరమైన వేళ తలుపు దొరకుగాక. దొరికిన తలుపునకు గడియయు, మగ్గులో నీరును ఉండుగాక. బయట పళ్లెము పట్టుకొని నిలుచువాడొకడు ఉండుగాక.

సల్వారు పొడిగా ఉన్నది.